కళ్ళగంతలు కట్టుకున్న పిల్లాడి పక్కన

2021 డిసెంబరులో మా తమ్ముడు డాలస్ నుంచి వచ్చాడు. సూట్‌కేసులో చాక్లెట్లు, బాదం పప్పు, మా అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పుల మాత్రలు, అన్నిటికీ అడుగున పాత తువ్వాలులో చుట్టిన ఒక తెల్లటి పెట్టె. మేనల్లుడి కోసం తెచ్చిన క్వెస్ట్ 2 అనే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ అది. మావాడికప్పుడు పదకొండేళ్ళు. ఆ రాత్రి అన్నాలయ్యాక హాల్లో టీపాయ్ పక్కకు జరిపి, వాడి తలకు దాన్ని తొడిగి, ఇంటిల్లిపాదీ సోఫాలో కూర్చుని చూశాం. వాడు గాల్లోకి చెయ్యి చాపి దేన్నో పట్టుకున్నాడు. "అమ్మా, నువ్విది చూడాలి!" అన్నాడు. నేను కూర్చున్న వైపు కాదు, గోడ వైపు తిరిగి.

వాడు చూసేది మాకు కనబడదు. మేము వాడికి కనబడం. ఉన్నది మాత్రం ఒకే గదిలో.

మూడో రోజు సాయంత్రం మా అత్తయ్యగారు పళ్ళెంలో జంతికలు పెట్టుకుని వాడి దగ్గరికి వెళ్ళారు. వాడు బీట్ సేబర్ ఆడుతున్నాడు. పాట తాళానికి మీదికి దూసుకొచ్చే దిమ్మల్ని రెండు చేతుల్లోని కత్తులతో నరకడమే ఆ ఆట. "నాన్నా, ఒకటి తిని ఆడుకో" అంటూ ఆవిడ చెయ్యి చాపారు. సరిగ్గా అప్పుడే వాడు కుడిచెయ్యి విసిరాడు. చేతిలో పట్టుకున్న కంట్రోలర్ ఆవిడ మణికట్టుకు తగిలి రెండు మట్టిగాజులు పగిలాయి. ఒక పెంకు చర్మంలో దిగింది. హెడ్‌సెట్ తీసి చూసేసరికి గచ్చు మీద ఆకుపచ్చ గాజుముక్కలు, నానమ్మ చేతి మీద రక్తం. వాడు బిక్కచచ్చిపోయాడు. "నేను చూళ్ళేదు నానమ్మా, నిజంగా చూళ్ళేదు" అన్నాడు. వాడెలా చూస్తాడు? చూసుకోవలసింది మేం.

చిన్నప్పుడు మా ఊళ్ళో వెన్నెల రాత్రుల్లో కళ్ళగంతల ఆట ఆడేవాళ్ళం. గంతలు కట్టిన పిల్ల ఎటు తడుముకుంటూ పోయినా ఫరవాలేదు. జాగ్రత్తంతా చుట్టూ ఉన్నవాళ్ళది. బావి గట్టు వైపు ఒకరు నిలబడేవారు, పొయ్యి వైపు ఒకరు. అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్ళెవరో "అటు కాదమ్మా, ఇటు" అని అందిస్తూ ఉండేవారు. ఇప్పుడు మీ ఇంట్లోకి ఈ హెడ్‌సెట్ వచ్చి ఉంటే, లేదా ఈ సెలవుల్లో ఏ బాబాయో పిన్నో తెస్తానని మాటిచ్చి ఉంటే, నేను చెప్పదలచుకున్నది ఆ బావిగట్టు దగ్గర నిలబడే మనిషి గురించే.

ఈ వస్తువు ఇళ్ళలోకి ఎలా వచ్చిందో తెలిస్తే ఆ మనిషి అవసరం ఎందుకు పెరిగిందో తెలుస్తుంది. పామర్ లకీ అనే కుర్రాడు 2012లో ఆక్యులస్ రిఫ్ట్ అనే నమూనా తయారుచేసి జనం దగ్గర చందాలు పోగుచేశాడు. 2014లో ఫేస్‌బుక్ అతని కంపెనీని కొంది. 2016 మార్చిలో రిఫ్ట్ 599 డాలర్లకు అమ్మకానికి వచ్చింది. ఆ వెంటనే హెచ్‌టీసీ వైవ్, ఆ అక్టోబరులో ప్లేస్టేషన్ వీఆర్ వచ్చాయి. రిఫ్ట్‌కూ వైవ్‌కూ మంచి గ్రాఫిక్స్ కార్డున్న ఖరీదైన కంప్యూటర్ కావాలి, ప్లేస్టేషన్ వీఆర్‌కు గేమ్ పెట్టె కావాలి. అన్నిటికీ వెనక పొడవాటి కేబుల్. పలుపుతాడు కట్టిన దూడలా పిల్లవాడు ఆ కేబుల్ పొడవు మేరకే తిరిగేవాడు. ఆ పెట్టె ఎక్కడుంటే ఆటా అక్కడే. 2019 మే నెలలో ఫేస్‌బుక్ తెచ్చిన క్వెస్ట్ ఆ పలుపు తెంపేసింది. కంప్యూటర్ అక్కర్లేదు, కేబుల్ అక్కర్లేదు. 2020 అక్టోబరులో క్వెస్ట్ 2 వచ్చేసరికి ధర 299 డాలర్లకు దిగి, మేనల్లుళ్ళకు కానుకగా ఇవ్వగలిగే వస్తువైంది. మన దేశంలో చాలాకాలం కంపెనీ దీన్ని నేరుగా అమ్మకపోయినా, మన ఇళ్ళకు ఇలా అమెరికా సూట్‌కేసుల్లో వచ్చేసింది. పలుపు తెగింది కనుక హాల్లోంచి పడగ్గదిలోకి వెళ్ళడం, తలుపు దగ్గరగా వెయ్యడం పిల్లలకు చిటికెలో పని. మొదటి ఆరు నెలలైనా దాన్ని హాలు దాటనివ్వకండి. ఇది శిక్షలా కాకుండా వస్తువు ఇంట్లోకి వచ్చిన రోజునుంచే ఇంటి అలవాటుగా ఉండాలి. తర్వాత పెట్టే కట్టడి పిల్లల మనసుకు గుచ్చుకుంటుంది.

ఇంకోటి, మేం చేసిన తప్పు. మావాడికి పదకొండేళ్ళు, పెట్టె మీద పదమూడు దాటినవాళ్ళకే అని ఉంది. మేమది చదవలేదు. అకౌంటు మా తమ్ముడి పేరు మీద తెరిచేశాం. అంటే ఆ యంత్రం దృష్టిలో మావాడు నలభయ్యేళ్ళ పెద్దమనిషి. పెద్దవాళ్ళకు చూపేవన్నీ వాడికీ చూపుతుంది. 2023లో కంపెనీ ఆ వయసును పదికి తగ్గించింది గానీ, పది నుంచి పన్నెండేళ్ళ వాళ్ళకు తల్లిదండ్రులు అనుమతిచ్చి నడిపే అకౌంటే ఉండాలంది. ప్లేస్టేషన్ చేసే సోనీవాళ్ళు తమ హెడ్‌సెట్ పన్నెండేళ్ళ లోపు పిల్లలకు వద్దన్నారు. దయచేసి పిల్లల నిజమైన పుట్టినతేదీతోనే అకౌంటు తెరవండి. కొన్ని ఆటలు రావు, వాడు అలుగుతాడు, అలగనివ్వండి. పదేళ్ళ లోపు చెల్లి, తమ్ముడు ఉంటే, "ఒక్క నిమిషం" అని కూడా తొడగకండి. రెండు కటకాల మధ్య దూరాన్ని క్వెస్ట్ 2లో ఎంత తగ్గించినా 58 మిల్లీమీటర్లే. చిన్నపిల్లల కనుపాపలు అంతకన్నా దగ్గరగా ఉంటాయి. బొమ్మ మసకేసి, కళ్ళు లాగుతాయి. పైగా అరకిలో బరువు ముఖం ముందు వేలాడుతుంది. అంత లేత మెడకు అదెందుకు? ఆడేవాడికి కనిపించేది టీవీలోకో ఫోన్లోకో పంపే వీలుంది, క్యాస్టింగ్ అంటారు. చిన్నవాళ్ళను దాని ముందు కూర్చోబెట్టండి.

పిల్లాడికి తొడిగే ముందు మీరు తొడుక్కోండి. "నాకెందుకమ్మా ఇవన్నీ" అని తల్లులు వెనక్కి తగ్గుతారు. నేనూ తగ్గాను, గాజులు పగిలిందాకా. మర్నాడు వాడు స్కూలుకు వెళ్ళాక తలకు పెట్టుకున్నాను. నేను నిలబడ్డ గచ్చు, గోడమీద కేలెండరు, పప్పు కుక్కరు, ఏవీ లేవు. నా చేతులే నాకు కనబడలేదు, వాటి బదులు వేరే చేతులు. పది నిమిషాలకు తీసేసి చూస్తే వంటగది వైపు ఉండాల్సిన నేను బాల్కనీ తలుపు వైపు తిరిగి ఉన్నాను. పిల్లాడు పిలిస్తే ఎందుకు పలకడో, ఎందుకు ఉలిక్కిపడతాడో అప్పుడు తెలిసింది. అందుకే వాణ్ణి వెనకనుంచి తట్టకండి. ముందు పేరు పెట్టి పిలవండి, "నేను నీ కుడిపక్క ఉన్నాను" అని చెప్పండి, అప్పుడు భుజం మీద చెయ్యి వెయ్యండి.

ఇక చోటు. నడుస్తూ ఆడే ఆటలకు ఆరున్నర అడుగుల చదరం ఖాళీ కావాలంటారు. మన అపార్ట్‌మెంట్లలో అంత దొరకడం కష్టమే, దొరక్కపోతే నిలబడ్డచోటే ఆడే ఆటలు చాలు. ఆడే చోటు చుట్టూ హెడ్‌సెట్లో ఒక హద్దు గీసుకోవాలి, దగ్గరికి వెళ్తే అడ్డంగా వల కనిపిస్తుంది. పిల్లలు ఆ వల మాటిమాటికీ అడ్డొస్తుందని బీరువా మీదుగా, సోఫా మీదుగా పెద్దగా గీసేస్తారు. హద్దు మీరు గియ్యండి, గోడకు మూర దూరం ఇవతలకే గియ్యండి. సీలింగ్ ఫ్యాను సంగతి మర్చిపోకండి. నేల మీద నిలబడ్డ పదేళ్ళ పిల్లాడికి ఫ్యాను అందదు, మంచం మీద నిలబడితే అందుతుంది. పొడుగు పెరుగుతున్న కుర్రాడు ఎగిరితే నేల మీదనుంచైనా అందొచ్చు. మంచం మీద ఆట వద్దే వద్దు, ఫ్యాను కింద నడిమధ్య కూడా వద్దు. కంట్రోలర్ తాడు మణికట్టుకు తగిలించుకున్నాకే ఆట మొదలవ్వాలి, లేకపోతే విసురుకు చెయ్యి జారి అది టీవీని పగలగొడుతుంది.

మాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఒక చాప. మామూలు ఈతచాప సగానికి మడిచి హాలు మధ్య పరుస్తాం. మావాడు వట్టికాళ్ళతో దానిమీద నిలబడతాడు. ఆటలో పడి పక్కకు జరిగితే అరికాలికి చల్లగా గచ్చు తగులుతుంది, కళ్ళతో పనిలేకుండానే వెనక్కి వచ్చేస్తాడు. ఇంట్లోవాళ్ళకూ అదే గుర్తు. చాప పరిచి ఉందంటే మా అత్తయ్యగారు గోడవారగా నడుస్తారు. జంతికల పళ్ళెం టీపాయ్ మీదే ఉంటుంది.

కడుపులో తిప్పడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, తల్లిదండ్రులు దీన్నే తేలిగ్గా తీసుకుంటారు. మన లోపలి చెవిలో ద్రవం నిండిన చిన్న చిన్న వంపు గొట్టాలుంటాయి. తల ఎటు తిరిగిందీ ఒళ్ళు కదిలిందీ లేనిదీ మెదడుకు చెప్పేవి అవే. శ్రీశైలం ఘాటు రోడ్డు మీద బస్సులో ఫోన్ చూస్తూ కూర్చున్న పిల్లాడికి ఎందుకు వాంతి వస్తుంది? ఒళ్ళు మలుపులు తిరుగుతోందని చెవి చెబుతుంది, ఏమీ కదలడం లేదని ఫోన్ మీదున్న కన్ను చెబుతుంది. రెండింటికీ పొత్తు కుదరదు. హెడ్‌సెట్లో ఇది తలకిందులుగా జరుగుతుంది. ఆటలో రోలర్ కోస్టర్ ఎక్కితే కొండ మీదినుంచి పడిపోతున్నామని కన్ను అంటుంది, హాల్లో కుదురుగా నిలబడ్డామని చెవి అంటుంది. ఘాటు రోడ్డు మీదైతే నిమ్మకాయ వాసన చూపిస్తాం, బస్సు ఆపమంటాం. ఇక్కడ పిల్లాడు ఆపమనడు. ఆపితే తమ్ముడి వంతు వస్తుందని, లేదా మీరు దాచేస్తారని వాడి భయం. అందుకే వాడి నోటికన్నా వాడి ఒంటిని గమనించండి. మాటలు తగ్గిపోతాయి. మళ్ళీ మళ్ళీ ఉమ్మి మింగుతాడు. నుదురు, పై పెదవి చెమర్చి, ముఖం పాలిపోతుంది. ఆ క్షణమే తీసెయ్యాలి. "అలవాటవుతుందిలే, ఇంకాసేపు ఆడు" అని మామయ్యలు అంటారు, మా తమ్ముడూ అన్నాడు. మావాడు ఇంకాసేపు ఆడి, వాష్‌బేసిన్ దగ్గరికి చేరేలోపే కక్కుకున్నాడు. ఆ తర్వాత రెండు రోజులు హెడ్‌సెట్లో ముఖానికి ఆనే మెత్త వాసన తగిలితేనే వాడికి వికారమొచ్చేది. ఒంటిని తోస్తే అలవాటు కాదు, ఏవగింపు పుడుతుంది. ఒకసారి తిప్పిందంటే ఆ రోజుకు ఆట అయిపోయినట్టే. కుర్చీలో కూర్చోబెట్టి, కిటికీలోంచి దూరాన ఉన్న చెట్టును చూడమనండి, కాసిని మజ్జిగ ఇవ్వండి. తీసిన వెంటనే సైకిలెక్కనివ్వకండి, కాసేపు కాళ్ళు తేలిపోతుంటాయి.

ఏ ఆట తిప్పుతుందో ముందే తెలుసుకోవచ్చు. ఆటలు దించుకునే స్టోర్‌లో ప్రతి ఆటకూ ఒంటికి ఎంత సుఖమో మూడు మెట్లుగా రాసి ఉంటుంది. మొదటి నెలంతా మొదటి మెట్టువే చాలు. పిల్లాడు అడుగు వేస్తేనే ఆటలో అడుగు పడే రకం మంచిది. బీట్ సేబర్, జాబ్ సిమ్యులేటర్ అలాంటివే. కంట్రోలర్ మీది పుల్లను బొటనవేలితో తోసి నడిపించేవి, విమానాలు, కార్లు, రోలర్ కోస్టర్లు తర్వాత చూసుకోవచ్చు. మొదటి రోజు పది నిమిషాలు, రెండో వారానికి పదిహేను. ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ వచ్చి ఉంటే మాత్రం డాక్టరుగారిని అడగకుండా పెట్టె విప్పకండి.

భయం కూడా ఇలాంటిదే. టీవీలో దయ్యం వస్తే పిల్లాడు దిండు అడ్డం పెట్టుకుంటాడు, మీ వైపు చూస్తాడు. హెడ్‌సెట్లో దయ్యం వాడి వెనకే నిలబడుతుంది, అక్కడ మీరుండరు. ఎత్తైన మేడ చివర చెక్క మీద నడిపించే ఆట ఒకటుంది. అది మామూలు గచ్చేనని తెలిసినా, పెద్దవాళ్ళకే మోకాళ్ళు వణుకుతాయి. పిల్లాడికి మొదటి రోజే ఒక చిట్కా నేర్పండి: భయమేస్తే కళ్ళు మూసుకో, మూసుకునే హెడ్‌సెట్ తీసెయ్. ఒకటి రెండుసార్లు ఆటలాగే సాధన చేయించండి. గాభరాలో అది తీయొచ్చన్న సంగతే వాళ్ళకు తోచదు.

కళ్ళు పాడవుతాయా అని నన్ను చాలామంది తల్లులు అడిగారు. దగ్గరి వస్తువును చూసేటప్పుడు మన కళ్ళు రెండు పనులు చేస్తాయి: గుడ్లు ముక్కు వైపు తిరుగుతాయి, లోపలి కటకం ఉబ్బుతుంది. హెడ్‌సెట్లో గుడ్లు తిరుగుతాయి గానీ కటకం ఒకే దూరానికి బిగిసి ఉండాలి. జోడెడ్లలో ఒకటి నడిచి ఒకటి నిలబడ్డట్టు. అలుపు అందుకే వస్తుంది. రెప్పలు వెయ్యడం తగ్గి కళ్ళు పొడిబారతాయి. ఎదిగే కళ్ళకు శాశ్వతంగా చెరుపు చేస్తుందనడానికి రుజువు లేదని అమెరికాలోని నేత్రవైద్యుల అకాడమీ చెప్పింది, ఆ ధైర్యం ఉంచుకోండి. తలనొప్పి, కళ్ళు లాగడం మాత్రం తరచూ ఉంటే కళ్ళద్దాల అవసరం ఉందేమో చూపించండి. కళ్ళద్దాల పిల్లలుంటే పెట్టెలో వచ్చే ప్లాస్టిక్ చట్రాన్ని మధ్యలో అమర్చండి, లేకపోతే రెండు అద్దాలూ రాసుకుని గీతలు పడతాయి.

ముఖానికి తగిలే మెత్త శుభ్రంగా ఉండాలి. 2021లో క్వెస్ట్ 2 మెత్తల వల్ల కొందరికి ముఖం మీద దద్దుర్లు, దురద వచ్చి, దాదాపు 40 లక్షల మెత్తలకు తొడుగులు ఇస్తామన్నారు. మన మే నెల చెమటకు సిలికాన్ తొడుగు తప్పనిసరి, ప్రతి ఆట తర్వాతా తుడవండి. 2023 వానాకాలంలో తెలుగు రాష్ట్రాల్లో ఎన్ని ఇళ్ళలో కళ్ళకలక వచ్చిందో గుర్తుందా? అలాంటి రోజుల్లో హెడ్‌సెట్ అటక మీదికి పోవాలి. ఒకళ్ళ కళ్ళు అంటుకున్న మెత్త ఇంకొకళ్ళకు పెట్టకూడదు.

ఇప్పుడు, నా నిద్ర చెడగొట్టిన సంగతి. గొరిల్లా ట్యాగ్ అనే ఆట ఉంది, కాళ్ళు లేని గొరిల్లాలు చేతులతో నేలను తోస్తూ పరిగెత్తి ఒకరినొకరు అంటుకుంటారు. మన అంటుకునే ఆటే. పిల్లలకు ప్రాణం. ఒక ఆదివారం నేను వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. హాల్లో మావాడు ఇంగ్లీషులో మెల్లగా మాట్లాడుతున్నాడు. "గుంటూర్" అని ఒక్కొక్క అక్షరం విడగొట్టి చెబుతున్నాడు. దగ్గరికి వెళ్ళాను. పట్టీలో ఉన్న స్పీకర్లలోంచి సన్నగా అవతలి గొంతు వినిపించింది. అది పిల్లవాడి గొంతు కాదు.

లాగెయ్యాలనిపించింది. లాగలేదు. పేరు పెట్టి పిలిచి, భుజం మీద చెయ్యేసి, తీయమన్నాను. "ఎవరు నాన్నా?" అంటే, "తెలీదమ్మా, ఫ్రెండ్" అన్నాడు. వాడి కళ్ళలో తప్పు చేసిన భయం లేదు, మంచి స్నేహితుడు దొరికిన సంతోషం ఉంది. నాకు దుఃఖం వచ్చింది అందుకే. వీధిలో ఎవరో తెలియని మనిషి పిలిస్తే వెళ్ళకూడదని వాడికి తెలుసు. అది వీధి అని తెలియదు, మా హాలే అనుకున్నాడు. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని గొంతు వినబడకుండా, వినిపించకుండా చేసే మీట ఎక్కడుందో వెతికాం. తెలిసిన పిల్లలతోనే విడిగా గది తెరుచుకోవడం నేర్చుకున్నాం. పేరు, ఊరు, బడి, ఫోన్ నంబరు, ఈ నాలుగూ ఎవరికీ చెప్పకూడదని చెప్పాను. ఎవరైనా చెడ్డమాట అన్నా, రహస్యం అన్నా, వాదించకుండా హెడ్‌సెట్ తీసేసి నా దగ్గరికి రమ్మన్నాను. వస్తే తిట్టనని ఒట్టేశాను. మీరూ ఆ ఒట్టు వెయ్యండి, నిలబెట్టుకోండి. ఒకసారి తిడితే రెండోసారి రాడు. తల్లిదండ్రుల ఫోన్లో పెట్టుకునే యాప్‌లో ఎంతసేపు ఆడాడో, ఏం దించుకున్నాడో తెలుస్తుంది, అది పెట్టుకోండి. వాడికి తెలిసేలా పెట్టండి.

ఆట ఆపించడానికి గడియారం పనిచెయ్యలేదు మాకు. లోపలివాళ్ళకు కాలం తెలియదు. "ఇంకో మూడు పాటలు" అంటే పనిచేసింది. మూడోది అయ్యాక వాడే తీసేవాడు. సగం పాటలో ఆపమనడం సగం ముద్దలో లేవమన్నట్టే కదా.

ఇన్ని జాగ్రత్తలు చెబుతున్నానని ఇది చెడ్డ వస్తువనుకోకండి. వాండర్ అని ఒక యాప్ ఉంది, గూగుల్ స్ట్రీట్ వ్యూ ఫొటోలలోకి మనల్ని తీసుకెళ్ళి నిలబెడుతుంది. మా అత్తయ్యగారిని కుర్చీలో కూర్చోబెట్టి మావాడే డాలస్ చూపించాడు, వాళ్ళ మామయ్య ఇంటి వీధి. ఆవిడ తలెత్తి, అటూ ఇటూ తిరిగి, "వీధిలో ఒక్క మనిషీ లేడేమిరా? పాపం, వీళ్ళకు పొద్దెలా పోతుంది?" అన్నారు. వాడు ఆవిడ కుర్చీ పట్టుకుని పక్కనే నిలబడి, టీవీలో చూస్తూ, "ఎడమవైపు చూడు నానమ్మా, మెల్లగా, కళ్ళు తిరిగితే చెప్పు" అంటున్నాడు.

రెండు మూడు నెలలకు మోజు తగ్గుతుంది, చాలా ఇళ్ళలో అది బీరువా మీదికి చేరుతుంది. "అంత డబ్బు పోసి తెస్తే" అని దెప్పకండి, మళ్ళీ సెలవుల్లో దించుతాడు. దాచేటప్పుడు కటకాల మీద గుడ్డ కప్పి ఎండ పడని చోట పెట్టండి. భూతద్దంతో కాగితం కాల్చిన ఆట మీరూ ఆడే ఉంటారు, కిటికీ పక్కన వదిలేస్తే ఆ కటకాలు లోపలి తెరను అలాగే కాల్చేస్తాయి. కటకాలను పొడిబట్టతోనే తుడవాలి, నీళ్ళూ శానిటైజరూ వద్దు. కంట్రోలర్లలో ఉన్న పెన్సిల్ సెల్లులు తీసేసి విడిగా పెట్టండి, లోపల కారిపోకుండా.